పిల్లల చేతికి అందే సైన్సు



బడిలో సైన్సు బాగా చెప్పాలంటే ఏం కావాలని ఎవరిని అడిగినా ముందు వచ్చే జవాబు ఒకటే. సామాన్లు కావాలి, సామాన్లకు డబ్బు కావాలి. అందులో అబద్ధం లేదు. ప్రతి ఉన్నత పాఠశాలలో మంచి ప్రయోగశాల ఉండాలి. అది ఏర్పాటు చేయడం ప్రభుత్వం బాధ్యత, అడగడం తల్లిదండ్రుల హక్కు. ఈ రోజు నేను చెప్పబోయే మాటల వల్ల ఆ కోరిక పలచబడకూడదు. అయితే సామాన్లు వచ్చిన బడుల్లో కూడా అవి ఎక్కడుంటాయో మనలో చాలామందికి తెలుసు. బీరువాలో ఉంటాయి. బీరువాకు తాళం ఉంటుంది. స్టాకు రిజిస్టరులో ఎక్కిన బీకరు పగిలితే ఎవరు సంజాయిషీ చెప్పుకోవాలన్న భయంతో ఆ తాళం ఏళ్ల తరబడి అలాగే ఉండిపోతుంది. పదో తరగతి పిల్ల వోల్టుమీటరు బొమ్మ చక్కగా వేస్తుంది, భాగాలు గుర్తిస్తుంది, దాన్ని మాత్రం ఒక్కసారైనా ముట్టుకుని ఉండదు.

వస్తువు బడికి చేరడం ఒక ఎత్తు, పిల్లల చేతికి చేరడం ఒక ఎత్తు. ఈ రెండో పని డబ్బుతో కాదు, పెద్దల తీరు మారితేనే అవుతుంది. అందుకే సైన్సుకు వనరులు ఎక్కడ వెతకాలన్న ప్రశ్నను నేను కొట్ల జాబితాతో మొదలుపెట్టను. పిల్లలు చేత్తో పట్టుకుని, విప్పి, పాడుచేసి, మళ్లీ చేసుకోగలిగినవి ఏమేమున్నాయో ముందు చూద్దాం.

ఈ ఇబ్బంది మనకొక్కరికే వచ్చింది కాదు. రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఎన్నో దేశాల్లో బడులు నేలమట్టమయ్యాయి. ప్రయోగశాలలు పోయాయి, కొత్తవి కట్టుకునే స్తోమత లేదు. అప్పుడు యునెస్కో 1948లో ఒక చిన్న పుస్తకం వేసింది. యుద్ధంలో ధ్వంసమైన దేశాల సైన్సు ఉపాధ్యాయుల కోసం స్టీఫెన్‌సన్ అనే ఇంగ్లండు ఉపాధ్యాయుడు దాన్ని రాశాడు. ఇంట్లో, వీధిలో దొరికే మామూలు వస్తువులతో పరికరాలు ఎలా తయారుచేసుకోవచ్చో అందులో చెప్పాడు. తీరా చూస్తే, ఆ పుస్తకానికి యుద్ధం తగలని దేశాల్లో కూడా గిరాకీ వచ్చింది. ఎందుకంటే అక్కడి బడుల్లో పరికరాలు పోవడానికి అసలు ఎప్పుడూ ఉంటే కదా! ఆ పుస్తకమే పెరిగి పెద్దదై, 1956లో సైన్సు బోధనకు ఆధార గ్రంథంగా యునెస్కో పేరుతో వచ్చింది. ఎన్నో భాషల్లోకి వెళ్లింది. మన దేశంలో చవక పరికరాల మీద పనిచేసిన వాళ్లెందరో దాన్ని చదివినవాళ్లే.

మన దేశపు కథ కూడా తక్కువదేం కాదు. 1972లో మధ్యప్రదేశ్‌లోని హోషంగాబాద్ జిల్లాలో పదహారు మాధ్యమిక పాఠశాలల్లో ఒక ప్రయత్నం మొదలైంది. కిశోర్ భారతి, ఫ్రెండ్స్ రూరల్ సెంటర్ అనే రెండు సంస్థలు దాన్ని తలకెత్తుకున్నాయి. ఢిల్లీ విశ్వవిద్యాలయం నుంచి, టాటా పరిశోధనా సంస్థ నుంచి శాస్త్రవేత్తలు సెలవుల్లో పల్లెలకు వచ్చి ఉపాధ్యాయులతో కలిసి కూర్చున్నారు. పాఠం చదివి ప్రయోగం చూడడం కాదు, ప్రయోగం చేసి పాఠం పిల్లలే రాసుకోవాలి. ఇదీ వాళ్ల పద్ధతి. పరీక్షలో పుస్తకం తెరిచి చూసుకోవచ్చు. ఎందుకంటే అడిగే ప్రశ్నకు పుస్తకంలో జవాబు ఉండదు, ఆలోచిస్తేనే దొరుకుతుంది. 1982లో ఏకలవ్య అనే సంస్థ ఏర్పడి ఈ పనిని ముందుకు తీసుకువెళ్లింది. అది వెయ్యికి పైగా బడులకు పాకింది. 2002లో ప్రభుత్వం దాన్ని ఆపేసింది. ముప్పై ఏళ్లు నడిచిన ఆ పని ఆగిపోవడం ఈ దేశపు పిల్లలకు నిజంగా నష్టమే. అక్కడ పుట్టిన ప్రయోగాలు, పుస్తకాలు మాత్రం పోలేదు. ఇప్పటికీ అందుబాటులో ఉన్నాయి.

1978లో ఆ కార్యక్రమానికి ఒక యువ ఇంజనీరు వచ్చాడు. కాన్పూర్ ఐఐటీలో చదివి, పుణెలో లారీలు తయారుచేసే టెల్కో కంపెనీలో పనిచేస్తున్న అరవింద్ గుప్తా. కంపెనీలో సెలవు పెట్టి వచ్చినవాడు వారపు సంతలో తిరిగి, పిల్లలకు పనికొచ్చేవి ఏమున్నాయా అని చూశాడు. సైకిలు వాల్వులో వేసే సన్నటి రబ్బరు గొట్టం కనిపించింది. అగ్గిపుల్ల అందులో సరిగ్గా పడుతుంది. అంతే, దానితో ఒక బొమ్మల ప్రపంచమే తయారైంది. ఇది ఇంట్లో చేసి చూడండి. గొట్టాన్ని సెంటీమీటరు పొడవున ముక్కలు కోయండి. ఒక్కో ముక్కకు రెండు వైపులా అగ్గిపుల్లలు గుచ్చండి. పుల్లల మందు ముందే గీకేయాలి. మూడు పుల్లలతో త్రిభుజం కట్టండి, నాలుగింటితో చతురస్రం కట్టండి. ఇప్పుడు మూల పట్టుకుని నొక్కండి. చతురస్రం పక్కకు వాలిపోతుంది. త్రిభుజం కదలదు. పుల్లలు విరగాలే తప్ప దాని ఆకారం మారదు. మూడు పుల్లలు ఒకచోట కలవాలంటే గొట్టం ముక్కకు తుమ్మముల్లుతో బెజ్జం పెట్టి మూడో పుల్ల దూర్చాలి. ఆరు పుల్లలు, నాలుగు ముక్కలు ఉంటే నాలుగు ముఖాల పిరమిడ్ లేచి నిలబడుతుంది.

ఇలా కట్టి చూసిన పిల్లవాణ్ణి తర్వాత పొలాల్లో నిలబడ్డ హైటెన్షన్ కరెంటు టవరు దగ్గరికి తీసుకువెళ్లండి. ముట్టుకోనివ్వకుండా దూరం నుంచే చూపించండి. లేదా రాజమండ్రిలో 1974లో తెరిచిన రోడ్డు, రైలు వంతెన మీదుగా వెళ్లేటప్పుడు కిటికీలోంచి చూడమనండి. ఇనుప కమ్మీలు ఎక్కడ చూసినా త్రిభుజాలే. ఎందుకలా కట్టారో ఆ పిల్లవాడు ఎవరినీ అడగనక్కర్లేదు, వాడి వేళ్లకు తెలుసు. ఇంజనీరింగు చదువు మొదలు కావాల్సింది ఇక్కడ. ఇంటర్మీడియట్‌లో కోచింగు చేరాక కాదు.

అరవింద్ గుప్తా ఆ తర్వాత నాలుగు దశాబ్దాలుగా ఇలాంటి వందల బొమ్మలు చేశాడు. పుణెలోని ఖగోళ శాస్త్ర సంస్థ ఐయూకాలో పిల్లల విజ్ఞాన కేంద్రంలో పనిచేశాడు. 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆయన పేరుతో ఉన్న వెబ్‌సైటులో ఆ బొమ్మల ఫోటోలు, చిన్న వీడియోలు, వేల పుస్తకాలు ఉన్నాయి. ఎవరైనా రూపాయి ఖర్చు లేకుండా దించుకోవచ్చు. తెలుగు పుస్తకాలు కూడా ఉన్నాయి.

ఆ బొమ్మల్లో నాకు చాలా ఇష్టమైనది ఒక మోటారు. ఇది రేడియోలో వింటూ కూడా నేర్చుకోవచ్చు. ఒక టార్చిలైటు సెల్లు, రెండు పిన్నీసులు, సైకిలు ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీ, చిన్న అయస్కాంతం, ఒక మీటరు ఎనామెల్ రాగితీగ కావాలి. పాడైన స్పీకరులోంచి అయస్కాంతం వస్తుంది. తీగను సెల్లు చుట్టూ ఏడెనిమిది చుట్లు చుట్టి, జాగ్రత్తగా బయటికి తీస్తే గుండ్రటి చుట్ట వస్తుంది. రెండు కొసలను ఎదురెదురుగా రెండు చేతుల్లా బయటికి చాపండి. సెల్లుకు రెండు చివర్లా పిన్నీసులు నిలబెట్టి రబ్బరు పట్టీతో బిగించండి. తీగచుట్ట కొసలు పిన్నీసుల కన్నాల్లో దూర్చండి. కింద సెల్లు మీద అయస్కాంతం పెట్టండి.

కీలకమంతా ఇక్కడుంది. రాగితీగ మీద ఎనామెల్ పూత ఉంటుంది, అది కరెంటును పోనివ్వదు. అందుకని ఒక కొసను బ్లేడుతో చుట్టూ గీకాలి. రెండో కొసను మాత్రం ఒక పక్కే, సగం వరకే గీకాలి. రెండూ పూర్తిగా గీకేస్తే ఏమవుతుంది? చుట్ట సగం తిరుగుతుంది, ఆపైన అయస్కాంతం దాన్ని వెనక్కి లాగుతుంది. అటూ ఇటూ ఊగి ఆగిపోతుంది. సగమే గీకితే ఆ లాగే సమయానికి పూత ఉన్న వైపు పిన్నీసుకు తగులుతుంది. కరెంటు ఆగుతుంది. ముందు వచ్చిన ఊపుతో చుట్ట మిగతా సగం తిరిగేస్తుంది. మళ్లీ రాగి తగులుతుంది, మళ్లీ తోపు. చిన్నగా ఒకసారి వేలితో తడితే చాలు, గిర్రున తిరుగుతుంది. పాఠ్యపుస్తకంలో కమ్యుటేటరు అని ఒక పేజీలో రాసిన విషయమంతా ఆ సగం గీకుడులో ఉంది. దీన్ని ముందు పిల్లలకు చెప్పేయకండి. రెండు కొసలూ పూర్తిగా గీకనివ్వండి. ఎందుకు తిరగడం లేదో వాళ్లనే తల పట్టుకోనివ్వండి. సెల్లు మాత్రం వేడెక్కకుండా మధ్యమధ్యలో చుట్ట తీస్తూ ఉండాలి. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. ఈ ఆటలన్నీ టార్చి సెల్లుతోనే. గోడలోని ప్లగ్గు జోలికి ఏ ప్రయోగంలోనూ వెళ్లకూడదు.

ఆ ఎనామెల్ తీగ ఎక్కడ దొరుకుతుందన్న ప్రశ్న నన్ను అసలు విషయానికి తీసుకువస్తుంది. మీ ఊళ్లోనో పక్క ఊళ్లోనో మోటార్ వైండింగు షాపు ఉంటుంది. కాలిపోయిన మోటార్లలోంచి తీసిన తీగ అక్కడ కుప్పలుగా పడి ఉంటుంది. అడిగితే కాస్త కొత్త తీగ కూడా ఇస్తారు. అయితే తీగ కన్నా విలువైంది అక్కడ ఇంకొకటి ఉంది, ఆ షాపు ఆయన అనుభవం. మిక్సీ మోటారు విప్పితే లోపల కమ్యుటేటరు, దానికి రాసుకుంటూ రెండు కార్బన్ బ్రష్షులు కనిపిస్తాయి. బోరుబావి మోటారు విప్పితే బ్రష్షులే ఉండవు. మరి అది ఎలా తిరుగుతోంది? ఒకటే కరెంటు, రెండు రకాల మోటార్లు. ఎనిమిదో తరగతి పిల్లల్ని పదిమందిని ఒక పూట అక్కడ కూర్చోబెడితే అడగడానికి వంద ప్రశ్నలు దొరుకుతాయి.

రైతు ఇంటి పిల్లలకైతే ఆ షాపు కథ మరీ దగ్గర. ఒక ఫేజు పోతే మోటారు కాలుతుంది, లోవోల్టేజి ఉంటే కాలుతుంది అని ఇంట్లో రోజూ వింటారు. వోల్టేజి తగ్గితే కాలడమేమిటి, తక్కువ కరెంటు కదా అన్నదే ఇక్కడ అడగాల్సిన ప్రశ్న. బరువు లాగుతున్న మోటారు వోల్టేజి తగ్గినప్పుడు ఆ పని నెరవేర్చడానికి ఎక్కువ కరెంటు తీసుకుంటుంది. తీగలో పుట్టే వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. కరెంటు రెట్టింపైతే వేడి నాలుగింతలు. పూత మాడిపోతుంది, చుట్లు ఒకదానికొకటి తగులుతాయి, మోటారు పోతుంది. పదో తరగతిలో జౌల్ నియమం అని కంఠస్థం చేసే సూత్రం ఆ ఇంటికి వేలల్లో ఖర్చు తెచ్చిపెట్టిన సూత్రమే. ఈ రెండింటికీ ముడి వేసే మనిషి వైండింగు షాపులో ఉన్నాడు. ఆయన్ను బడికి పిలిచి, కుర్చీ వేసి, పిల్లల ముందు ఒక మోటారు విప్పించాలని నా కోరిక. చదువుకున్నవాళ్లే పాఠం చెప్పాలన్న నియమం సైన్సుకు లేదు.

అలాంటి ఇంకో చోటు పాలకేంద్రం. అక్కడ పాలలో ముంచే లాక్టోమీటరు ఉంటుంది. పాలు నీళ్లకన్నా కొంచెం బరువు. లాక్టోమీటరులో 28 అని చూపిస్తే సాంద్రత నీటికి 1.028 రెట్లు అన్నమాట. నీళ్లు కలిపితే ఆ అంకె తగ్గుతుంది. దీన్ని పిల్లలు ఖాళీ బాల్‌పెన్ రీఫిలుతో చేసుకోవచ్చు. ముల్లు ఉన్న వైపు కిందికి పెట్టి నిటారుగా తేలేలా చూసి, నీళ్లలో ఎంత మునిగిందో గీత పెట్టుకుని, పాలలో చూడాలి. ఇంతవరకు మామూలే. ఆ తర్వాత ఈ ప్రశ్న వేయండి. పాలమీద మీగడ తీసేస్తే సాంద్రత పెరుగుతుందా, తగ్గుతుందా? మీగడ తేలిక కాబట్టి తీసేస్తే మిగిలిన పాల సాంద్రత పెరుగుతుంది. మరి మీగడ తీసి, తర్వాత నీళ్లు పోస్తే? లాక్టోమీటరు మొదటి అంకే చూపించవచ్చు. అందుకే పాలకేంద్రంలో వెన్న శాతం విడిగా కొలుస్తారు. ఒక్క కొలత చాలని చోట రెండో కొలత ఎందుకు కావాలో తెలియడమే కదా శాస్త్రం.

ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో మలేరియా చూడడానికి మంచి మైక్రోస్కోపు ఉంటుంది. రోగుల రద్దీ లేని పూట డాక్టరుగారి అనుమతితో రక్తకణాలు ఒక్కసారి చూసిన పిల్ల వాటిని జీవితంలో మరిచిపోదు. అలాగే తాపీమేస్త్రి దగ్గరి రసమట్టం, కుమ్మరి ఆవం, సైకిలు షాపులోని పళ్లచక్రాలు. ప్రతి ఊరికీ దాని జాబితా దానికుంటుంది. ఆ జాబితా పిల్లలతోనే తయారుచేయించడం మంచిది.

పుస్తకాల సంగతి. తెలుగులో సైన్సు పుస్తకాలు లేవనే మాట తరచుగా వింటాం. ఒప్పుకోను. జాతీయ భౌతిక ప్రయోగశాలలో శాస్త్రవేత్తగా ఉంటూ మహీధర నళినీమోహన్ తెలుగు పిల్లల కోసం కథ చెప్పినట్టు సైన్సు రాశాడు. క్యాలెండర్ కథ, పిడుగుదేవర కథ చదివిన తరం ఒకటి ఉంది. కొడవటిగంటి రోహిణీప్రసాద్ రాసినవి ఉన్నాయి. హైదరాబాదులోని మంచి పుస్తకం సంస్థ అరవింద్ గుప్తా పుస్తకాలు, ఇతర దేశాల పిల్లల పుస్తకాలు తెలుగులో చవక ధరకు ఇస్తోంది. జనవిజ్ఞాన వేదిక చెకుముకి అనే పత్రిక నడుపుతోంది, అదే పేరుతో పిల్లలకు సైన్సు సంబరాలు పెడుతోంది. బడి గ్రంథాలయానికి వచ్చే డబ్బులో కొంచెం ఇటు మళ్లిస్తే చాలు. పుస్తకం కూడా బీరువా బయట ఉండాలన్నది మళ్లీ చెప్పనక్కర్లేదు.

ఇక ప్రభుత్వం ఇచ్చే డబ్బు. ఇన్‌స్పైర్ మానక్ అని కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ పథకం ఉంది. ఆరో తరగతి నుంచి పిల్లల ఆలోచనలు అడుగుతారు. ఒక్కో బడి నుంచి ఐదు పంపవచ్చు. ఎంపికైన పిల్లల ఖాతాలోకి నమూనా తయారుచేయడానికి పదివేల రూపాయలు పడతాయి. జిల్లా ప్రదర్శన, రాష్ట్ర ప్రదర్శన, జాతీయ ప్రదర్శన దాకా వెళ్లవచ్చు. ఎన్నో బడులు దీన్ని వాడుకోవడం లేదు, వాడుకున్నచోట కొన్నిసార్లు దుకాణంలో కొన్న థర్మోకోల్ నమూనా ప్రదర్శనకు వెళుతుంది. ఇది పిల్లలకు అన్యాయం. మంచి ఆలోచనకు దగ్గరి దారి ఒకటుంది. మీ ఇంట్లో అమ్మకు, నాన్నకు రోజూ నడుం నొప్పి తెచ్చే పని ఏది, దాన్ని ఎలా తగ్గిస్తావు అని పిల్లల్ని అడగండి. మిరపకాయలు కోసే, వేరుశనగ వలిచే, బిందెలు మోసే ఇళ్ల పిల్లల దగ్గర నగరపు పిల్లలకు తట్టని ఆలోచనలు ఉంటాయి.

అటల్ టింకరింగ్ ల్యాబుల గురించి విని ఉంటారు. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టింది. ఎంపికైన బడికి ఇరవై లక్షల దాకా ఇస్తారు, సగం సామాన్లకు, సగం ఐదేళ్ల నిర్వహణకు. త్రీడీ ప్రింటరు, సెన్సర్లు, చిన్న కంప్యూటరు బోర్డులు వస్తాయి. దేశంలో పదివేల దాకా బడుల్లో ఉన్నాయి. మరో యాభైవేల ప్రభుత్వ బడుల్లో ఐదేళ్లలో పెడతామని 2025 బడ్జెట్‌లో చెప్పారు. మంచిదే. మీ బడికి రాకపోయినా పక్క మండలంలో ఒకటి ఉండి ఉంటుంది. అక్కడి ప్రధానోపాధ్యాయుణ్ణి అడిగి, నెలకో శనివారం మీ పిల్లల్ని తీసుకువెళ్లే ఏర్పాటు చేసుకోండి. కుప్పం దగ్గర అగస్త్య ఫౌండేషన్ 1999 నుంచి పనిచేస్తోంది. నూట డెబ్బై ఎకరాల పైచిలుకు ఆవరణలో ప్రయోగశాలలున్నాయి, బడులకు వెళ్లే సంచార ప్రయోగశాలలు కూడా ఉన్నాయి. తిరుపతిలో ప్రాంతీయ విజ్ఞాన కేంద్రం, హైదరాబాదులో బిర్లా ప్లానెటేరియం ఉన్నాయి. అలాంటి చోట్లకు వెళ్లినప్పుడు అన్నీ చూసేయాలని పరుగులు పెట్టించకండి. నాలుగైదు ప్రదర్శనల దగ్గరే పిల్లల్ని కావలసినంతసేపు నిలబడనివ్వండి.

ఫోను గురించి చెప్పకపోతే ఈ కాలానికి మాట పూర్తి కాదు. నోబెల్ బహుమతి పొందిన భౌతిక శాస్త్రవేత్త కార్ల్ వీమన్ 2002లో అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో ఫెట్ అనే, తెర మీద చేసే ప్రయోగాల పథకం ప్రారంభించాడు. తెర మీద తీగలు కలిపి బల్బు వెలిగించవచ్చు, లోలకాన్ని చంద్రుడి మీద ఊపవచ్చు. ఉచితం. చాలావరకు ఒకసారి దించుకుంటే నెట్టు లేకపోయినా నడుస్తాయి, కొన్ని తెలుగులో కూడా ఉన్నాయి. నా అభిప్రాయం ఒకటే. నిజం బల్బు, నిజం సెల్లు ముందు. తెర తర్వాత. తెర మీద ఎప్పుడూ లూజు కనెక్షన్ ఉండదు, కానీ లూజు కనెక్షన్ వెతికి పట్టుకోవడంలోనే పిల్లలు సర్క్యూటు నేర్చుకుంటారు. అదే ఫోను మైక్రోస్కోపుగా కూడా పనికొస్తుంది. పాడైన లేజర్ లైటు ముందున్న చిన్న లెన్సు తీసి ఫోను కెమెరా మీద అంటిస్తే, ఉల్లిపొర, ఉప్పు రేణువు, చీమ కాలు పెద్దగా కనిపిస్తాయి. భారతీయుడైన మను ప్రకాశ్ స్టాన్‌ఫర్డ్‌లో తన విద్యార్థితో కలిసి కాగితం మడతపెట్టి చేసే ఫోల్డ్‌స్కోపును 2014లో లోకానికి చూపించాడు. అది వస్తువును 140 రెట్లు పెంచి చూపిస్తుంది, జేబులో పడుతుంది, కింద పడినా పగలదు.

ఇక్కడ విదేశాల్లో ఉన్న మనవాళ్లకు ఒక మాట. తాము చదివిన బడికి ఏదైనా చేయాలన్న తపన వాళ్లలో చాలామందికి ఉంది, చేస్తున్నారు కూడా. గేటు, రంగులు, కంప్యూటర్లు ఇస్తున్నారు. వాటితోపాటు ఏటా అయిపోయే వస్తువులకు కొంచెం ఇవ్వండి. సెల్లులు, బల్బులు, తీగ, లిట్మస్ కాగితం, పగిలిన పరీక్షనాళికల బదులు కొత్తవి. పగిలినా ఫరవాలేదు, వచ్చే ఏడు మళ్లీ ఇస్తాం అనే ఒక్క మాట ఆ బీరువా తాళం తీయిస్తుంది. ఇంకా చేయగలిగితే ప్రయోగశాలను శుభ్రంగా, సిద్ధంగా ఉంచే ఒక సహాయకుడికి జీతం ఇవ్వండి. ఒక మాస్టారు రోజంతా పాఠాలు చెప్పి, మధ్యలో సామాన్లు పేర్చి, కడిగి, లెక్క చూసుకోవడం ఎంత కష్టమో బోధించినవాళ్లకే తెలుసు.

చివరగా, ఖర్చేమీ లేని ఒక పెద్ద ప్రయోగం చెబుతాను. క్రీస్తుకు ముందు మూడో శతాబ్దంలో ఎరటోస్తనీస్ అనే గ్రీకు పండితుడు ఈజిప్టులో కూర్చుని భూమి చుట్టుకొలత లెక్కకట్టాడు. దక్షిణాన సయీన్ అనే ఊళ్లో, అంటే నేటి ఆస్వాన్‌లో, ఏడాదిలో ఒక మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడు. అదే వేళకు ఉత్తరాన అలెగ్జాండ్రియాలో నీడ పడుతుంది. కోణం కొలిస్తే వృత్తంలో యాభయ్యో వంతు వచ్చింది. కాబట్టి రెండు ఊళ్ల దూరానికి యాభై రెట్లు భూమి చుట్టుకొలత.

ఇప్పుడు మన మ్యాపు తీయండి. కింద కుప్పం, పైన ఆదిలాబాద్. రెండూ దాదాపు ఒకే రేఖాంశం మీద, 78 డిగ్రీలకు కొంచెం అటుగా ఉన్నాయి. అక్షాంశంలో తేడా ఏడు డిగ్రీలకు కాస్త తక్కువ. ఎరటోస్తనీస్‌కు దొరికిన తేడా కూడా దాదాపు అంతే. ఆయనకు రెండు నగరాలు ఎలా అమరాయో, తెలుగు నేలకు ఈ రెండు ఊళ్లు అలా అమరాయి.

చేయాల్సిందిది. రెండు చోట్లా చదునైన నేల మీద మీటరు పొడవు కర్ర నిటారుగా పాతండి. మేస్త్రి దగ్గరున్న గుండు, రసమట్టం తెచ్చి సరిచూసుకోండి. పదకొండు ముప్పావు నుంచి ఒంటిగంట దాకా ప్రతి ఐదు నిమిషాలకు నీడ కొస దగ్గర గుర్తు పెట్టండి. మన గడియారం కాకినాడ దగ్గరగా పోయే 82.5 డిగ్రీల రేఖాంశాన్ని బట్టి నడుస్తుంది కాబట్టి అసలు మధ్యాహ్నం ఈ ఊళ్లలో చాలా రోజుల్లో సరిగ్గా పన్నెండుకు కాకుండా కొంచెం ఆలస్యంగా వస్తుంది. అన్నిటికన్నా పొట్టి నీడ ఏదో అదే మీ మధ్యాహ్నం. సూర్యుడి వైపు ఎవరూ చూడకూడదు, నీడనే చూడాలి. మీటరు కర్రను కాగితం మీద పది సెంటీమీటర్ల గీతగా, నీడను అదే కొలతలో అడ్డగీతగా గీసి, కోణమానినితో కోణం చూడండి. త్రికోణమితి రాకపోయినా ఏడో తరగతి పిల్లలు చేయగలరు. రెండు బడుల కోణాల తేడా తీయండి. అట్లాసులో స్కేలు పెట్టి ఆ రెండు ఊళ్ల మధ్య గగనమార్గపు దూరం చూడండి, 770 కిలోమీటర్ల దరిదాపుల్లో వస్తుంది. 360ని ఆ కోణాల తేడాతో భాగించి ఆ దూరంతో గుణించండి. ఏ ఊళ్లో నీడ ఎంత రావాలో నేను చెప్పను. చెబితే పిల్లలు కర్రను చూడరు, నా అంకె చూస్తారు.

కుప్పం, ఆదిలాబాదే కానక్కర్లేదు. నెల్లూరు, మంచిర్యాల కూడా ఇంచుమించు ఒకే వరసలో ఉన్నాయి. మీ బడి ఎక్కడున్నా ఉత్తరంగానో దక్షిణంగానో మూడు నాలుగు వందల కిలోమీటర్ల దూరంలో ఇంకో బడిని వెతుక్కోండి. బదిలీ మీద వెళ్లిన మాస్టారో, మేనమామ ఊరి బడో ఏదైనా ఫరవాలేదు. రేఖాంశం కొంచెం అటూ ఇటూ అయినా, అట్లాసులో ఉత్తర దక్షిణంగా ఉన్న దూరం మాత్రమే తీసుకుంటే లెక్క చెడదు. సెప్టెంబరు మూడో వారం దాటాక, మబ్బు లేని ఒకే రోజున రెండు బడులూ కొలిచి, అదే సాయంత్రం ఫోనులో అంకెలు మార్చుకోండి. ఆ రోజు మబ్బు పడితే మర్నాడు.